నానో అల్యూమినియంతో ప్రాజెక్ట్ చేద్దామనుకుంటున్నావా, ముందు ఆ పొడి పైన ఉన్న పొర సంగతి తెలుసుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.టెక్ రెండో ఏడాది ప్రాజెక్ట్ కోసం నానో అల్యూమినియం పొడి కొని, దాన్ని ఏదో ఒక మెటల్ ఆక్సైడ్ తో కలిపి నానో థర్మైట్, అంటే వెలిగిస్తే విపరీతమైన వేడినిచ్చే మిశ్రమం చేసి, ఎంత వేడి వస్తుందో డీఎస్సీలో, అంటే పదార్థం ఎంత వేడి తీసుకుంటుందో వదులుతుందో చూసే మెషీనులో కొలుద్దామనుకుంటున్నావు. మీ కాలేజీలో గుండ్లతో పొడి నూరే బాల్ మిల్లు ఉంది, మఫిల్ ఫర్నేసు అనే కరెంటు కొలిమి ఉంది, టీజీఏ అంటే వేడిచేస్తూ బరువు మార్పు చూసేది, అదీ డీఎస్సీ రెండూ కలిసిన మెషీను ఒకటి ఉంది, పొడేమో ఆన్‌లైన్ లో 10 గ్రాముల డబ్బా దొరుకుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నావు.

నేను పద్దెనిమిదేళ్లుగా లోహపు పొడుల థర్మల్ అనాలిసిస్ పనిలోనే ఉన్నాను, అందుకని మొహమాటం లేకుండా చెప్తున్నా. ప్రాజెక్ట్ లోంచి ఆ "కలిపి" అనే మాట తీసెయ్. పొడి ఒక్కదాన్నే తీసుకుని చదువు. తక్కువ పని అనుకోకు, ఎం.టెక్ కేంటి పీహెచ్‌డీకి కూడా సరిపోయేంత పని ఉంది అందులో, పైగా ఆ పని సరిగ్గా చేయకుండా కలిపేసినవాళ్ల పేపర్లలో అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవో కూడా నీకే అర్థమవుతుంది. కలిపే పద్ధతులు, ఎంతెంత పాళ్లు, ఇవి నేను రాయను, ఎవరు అడిగినా రాయను, అవి మనిషి పక్కన నిలబడి నేర్పాల్సిన విషయాలు, చదివి చేసేవి కావు.

సరే అసలు లోహం ఎందుకు మండుతుంది అన్న దగ్గర్నుంచి వద్దాం. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగిస్తే రాలే చుక్కలు ఉన్నాయి చూడు, అది ఇనుప రజను. అదే ఇనుముతో చేసిన మేకుని గ్యాస్ పొయ్యి మీద గంటసేపు పెట్టినా ఎర్రగా కాలుతుంది తప్ప మండదు, రజను మాత్రం గాల్లోకి ఎగిరి మెరుస్తూ కాలిపోతుంది. ఇనుము ఇనుమే, సైజు మారింది అంతే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, నానోమీటర్ అంటే మైక్రాన్ లో వెయ్యో వంతు. అల్యూమినియం లెక్క చూడు, 10 మైక్రాన్ల గుండ్రటి రేణువులైతే గ్రాము పొడికి మొత్తం ఉపరితలం 0.22 చదరపు మీటర్లు, అంటే ఒక చేతిరుమాలు రెండు మూడు చోట్ల పరిచినంత. అదే 100 నానోమీటర్లయితే గ్రాముకి 22 చదరపు మీటర్లు, ఒక మంచి గది నేల మొత్తం. వంద రెట్లు. గాలికి, తేమకి, మంటకి అన్నిటికీ అంత జాగా దొరికింది అన్నమాట.

ఇక శక్తి. గ్రాము అల్యూమినియం పూర్తిగా ఆక్సైడ్ అయితే 31 కిలోజౌళ్లు వస్తుంది. పెట్రోలుకి గ్రాముకి 44 దాకా ఉంటుంది కదా మరి ఇందులో గొప్పేముంది అంటావేమో, గ్రాముల్లో కాకుండా జాగాలో చూడు, ఒక సీసీ అల్యూమినియంలో 84 కిలోజౌళ్ల దాకా ఉంటే ఒక సీసీ పెట్రోలులో 33 లోపే. జాగా తక్కువ ఉన్న చోట, అంటే రాకెట్ మోటార్లలో, లోహాన్ని వాడేది అందుకే. శ్రీహరికోటలో పోత పోసే ఎల్‌వీఎం3 రాకెట్ ఎస్200 మోటార్లు ఒక్కొక్కటి 200 టన్నులు దాటిన ఘన ఇంధనం, అందులో హెచ్‌టీపీబీ అనే రబ్బరు, అమ్మోనియం పెర్‌క్లోరేటు, అల్యూమినియం పొడి ఉంటాయి. అమెరికా వాళ్ల స్పేస్ షటిల్ బూస్టర్ల ఇంధనంలో అయితే 16 శాతం అల్యూమినియమే. కానీ ఒకటి గమనించు, వీటిల్లో వాడేది మైక్రాన్ల పొడి, నానో కాదు. నానో అంత గొప్పదైతే అక్కడ ఎందుకు వాడట్లేదు? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే నీ ప్రాజెక్ట్ సగం అయిపోయినట్టే.

దానికి ముందు రైలు పట్టాల సంగతి ఒక్కటి చెప్పి వస్తా. హాన్స్ గోల్డ్‌ష్మిట్ అనే జర్మన్ కెమిస్టు 1895లో థర్మైట్ మీద పేటెంట్ తీసుకున్నాడు, 1899లో ఎస్సెన్ ఊళ్లో ట్రాము పట్టాలు దానితో అతికించారు, అదే పని ఇవాళ్టికీ మన రైల్వేలో జరుగుతోంది, ట్రాక్ మీద గ్యాంగ్ వాళ్లు ఏటీ వెల్డింగ్ అంటారు. నువ్వు ఎప్పుడైనా చూశావో లేదో, మూస బిగించి, పట్టా చివర్లు వేడిచేసి, పైన క్రూసిబుల్ లో పొడి వెలిగిస్తే కాసేపట్లో కరిగిన ఉక్కు కిందకి దిగి పట్టా అతుక్కుంటుంది. ఆ పొడి రవ్వ లాగా ముతగ్గా ఉంటుంది, కావాలనే అలా ఉంచుతారు. అక్కడ వాళ్లకి కావాల్సింది నిదానంగా, ఒక పద్ధతిలో, లోహం తేటగా విడిపోయి మడ్డి పైకి తేలేంత టైమ్. అంటే రేణువు సైజు అనేది గొప్ప, తక్కువ అనే విషయం కాదు, ఏ పనికి ఎంత వేగం కావాలో దాన్ని బట్టి ఎంచుకునేది. నానో అంటే గొప్ప అనే భ్రమ స్టూడెంట్స్ అందరిలో ఉంటుంది, అది ముందు పోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే పైన ఒక ఆక్సైడ్ పొర కట్టేసుకుంటుంది, రెండు నుంచి నాలుగు నానోమీటర్ల మందం. మన ఇంట్లో అల్యూమినియం గిన్నెలు తుప్పు పట్టకుండా ఉండేది ఆ పొర వల్లే. పెద్ద రేణువుకి ఆ పొర ఒక లెక్కలోది కాదు, చిన్న రేణువుకి అదే సగం ఆస్తి. కాగితం పెన్ను తీసుకుని నువ్వే వేసి చూడు, పొర 3 నానోమీటర్లు అనుకో, సాంద్రతలు అల్యూమినియానికి 2.7, ఆ పొరకి 3.1 అనుకో. 10 మైక్రాన్ల రేణువులో లోహం బరువు 99.8 శాతం. 100 నానోమీటర్ల రేణువులో లోపలి లోహం వ్యాసం 94, అంటే ఘనపరిమాణంలో 83 శాతం, బరువులో 81 శాతం. 30 నానోమీటర్లకి దిగితే బరువులో 48 శాతమే లోహం, మిగతాది ఎప్పుడో కాలిపోయిన బూడిద లాంటిది. 10 నానోమీటర్లకి వెళ్తే లోహం 6 శాతం కూడా ఉండదు. సైజు తగ్గించుకుంటూ పోతే శక్తి పెరుగుతుంది అనుకుంటారు, ఒక హద్దు దాటాక పొడిలో మండేదే ఉండదు. నువ్వు లింకు పెట్టిన పొడి 30 నుంచి 50 నానోమీటర్లు, దాని బదులు 80, 100 మధ్యలో తీసుకుంటే నయం, డబ్బు కూడా కలిసొస్తుంది.

ఇంకోటి, డబ్బా మీద 99.9 శాతం అని ఉంది కదా అన్నావు. తమ్ముడూ ఆ 99.9 అనేది మిగతా లోహాలతో పోల్చి చెప్పే స్వచ్ఛత, అంటే ఇనుము, సిలికాన్, రాగి లాంటివి ఎంత తక్కువ ఉన్నాయో చెప్తుంది, ఆక్సిజన్ ని ఆ లెక్కలో వేయరు. ఆ డబ్బాలో నిజంగా లోహంగా మిగిలి ఉన్న అల్యూమినియం, దాన్నే మేము యాక్టివ్ అల్యూమినియం అంటాం, 70 శాతం ఉండొచ్చు 50 ఉండొచ్చు, లేబుల్ కి దానికి సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క తెలియక 100 శాతం లోహం అని లెక్కలేసుకుని ఏడాది పని చేసి, చివర్లో వేడి థియరీలో సగమే వచ్చింది ఎందుకో అర్థం కాక తల పట్టుకున్న పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

పోనీ ఎక్స్ కిరణాలతో స్ఫటికాలని గుర్తుపట్టే ఎక్స్‌ఆర్‌డీ తీశాం సార్ అల్యూమినియం పీకులు తప్ప ఇంకేం లేవు, ఆక్సైడ్ లేదు అంటారు. ఆ పొర స్ఫటికంగా ఉండదు, దానికి ఒక అమరిక ఉండదు కాబట్టి ఎక్స్‌ఆర్‌డీకి పీకుగా కనపడదు, అక్కడ లేదని కాదు. పొరని చూడాలంటే టీఈఎం అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలి, నల్లటి గుండు చుట్టూ లేత బూడిద రంగు గీత లాగా కనిపిస్తుంది, మొదటిసారి చూసినప్పుడు ఆ గీతని వేలితో తాకాలనిపించేంత స్పష్టంగా ఉంటుంది. పొడి ఉపరితలం ఎంతో కొలిచే బీఈటీ పరీక్ష కూడా చేయించు, ఆరుని సాంద్రత, ఉపరితలం రెండిటి లబ్ధంతో భాగిస్తే సగటు వ్యాసం వస్తుంది, అది టీఈఎంలో కనపడ్డ సైజు కన్నా బాగా ఎక్కువ వచ్చిందంటే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గుత్తులుగా ఉన్నాయని అర్థం.

ఒక డబ్బా సంగతి చెప్తా. నేను కొత్తగా చేరిన రోజుల్లో, సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో మా ల్యాబ్, ఏసీ సాయంత్రం ఆపేసేవాళ్లు. నానో అల్యూమినియం డబ్బా ఒకటి సగం వాడి, మూతకి టేపు చుట్టి అల్మారాలో పెట్టారు ఎవరో, రెండు వానాకాలాలు గడిచాయి. నేను తీసి చూస్తే మూత కొంచెం ఉబ్బి ఉంది. అదృష్టం బావుండి అప్పుడు పక్కనే ఉన్న సీనియర్ సార్ చెయ్యి పట్టుకుని ఆపారు, పొగలు లాగేసే హుడ్ లోపల పెట్టి చాలా నెమ్మదిగా మూత వదులు చేస్తే సన్నగా బుస్సుమని గాలి వచ్చింది. ఆ గాలి హైడ్రోజన్. తేమ నెమ్మదిగా పొర దాటి లోపలికెళ్లి లోహంతో కలిసి హైడ్రాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ వదుల్తుంది. ముందు బొగ్గు నలుపులో ఉన్న పొడి పైభాగం తెల్లగా పాలిపోయింది, అడుగున ఇంకా నల్లగానే ఉంది, చెమ్చాతో గీస్తే రెండు రంగులు పొరలు పొరలుగా కనపడ్డాయి. అడుగు పొడి, పై పొడి విడిగా టీజీఏ చేస్తే రెండూ రెండు వేరే పదార్థాల లాగా వచ్చాయి. లేబుల్ మాత్రం ఒకటే. ఆ రోజు నుంచి డబ్బా తెరిచిన తేదీ, ఎవరు తెరిచారు, లోపల ఆర్గాన్ నింపారా లేదా, మూడూ మూత మీద రాయకుండా ఏ డబ్బానీ అల్మారాలోకి వెళ్లనివ్వలేదు నేను.

నీ ప్రాజెక్ట్ కి నేను సూచించేది కూడా అదే, ఏజింగ్, అంటే పొడి కాలంతో ఎలా పాడవుతుందో చూడటం. ఒకే పొడి, మూడు నాలుగు రకాల తేమలో ఉంచి వారానికోసారి తీసి ఎంత లోహం మిగిలిందో కొలవడం. ఉప్పు ద్రావణాలు వాడి డెసికేటర్ అనే మూతున్న గాజు పాత్రలో తేమ నిలకడగా ఉంచొచ్చు, మాగ్నీషియం క్లోరైడు తృప్త ద్రావణం పెడితే 33 శాతం దగ్గర, మామూలు ఉప్పుదైతే 75 దగ్గర ఉంటుంది. మన కోస్తా గాలిలో పొడి ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది మన దగ్గర పనిచేసేవాళ్లకి నిజంగా పనికొచ్చే సమాచారం, ప్రయోగానికి కావాల్సింది మిల్లీగ్రాములే. ఒక్కటి మర్చిపోకు, తేమలో పెట్టిన పొడి హైడ్రోజన్ వదుల్తుంది కాబట్టి డెసికేటర్ బిగించి సీలు చేయకు, పరిమాణం అతి తక్కువ ఉంచు, హుడ్ లోనే పెట్టు.

ఇప్పుడు కొలవడం ఎలా, ఇక్కడ కొంచెం నిదానంగా చదువు, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

టీజీఏలో గాలిలో గానీ ఆక్సిజన్ లో గానీ పొడిని నెమ్మదిగా వేడిచేస్తే బరువు పెరుగుతుంది, ఎంత పెరిగిందో అంత ఆక్సిజన్ పట్టింది. 54 గ్రాముల అల్యూమినియం 48 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది, అంటే స్వచ్ఛమైన లోహం బరువు 89 శాతం పెరగాలి. నీ పొడి 60 శాతం పెరిగిందనుకో, 60ని 0.89తో భాగించు, 67 చిల్లర, అదే నీ యాక్టివ్ అల్యూమినియం శాతం. చెప్పడానికి ఇంత తేలిక. చేసేటప్పుడు ఏం జరుగుతుందంటే, మొదట 100 నుంచి 400 డిగ్రీల లోపు గీత కిందకి జారుతుంది, అది పొడి పట్టుకున్న తేమ, గాలి, హైడ్రాక్సైడు పోతున్నాయి, ఆ జారిన చోటినుంచి లెక్క మొదలుపెట్టాలా మొదటి బరువు నుంచా అన్నది నువ్వు ఆలోచించి రాయాలి, రాయకపోతే నీ అంకె ఎవరికీ పనికిరాదు. తర్వాత 550 దాటాక గీత ఒక్కసారి పైకి లేస్తుంది, ఆ ప్రాంతంలోనే అమరిక లేని పొర గామా అల్యూమినా అనే స్ఫటికంగా మారుతుంది, గామా కాస్త సాంద్రమైనది కాబట్టి పొర పూర్తిగా కప్పలేక సందులు పడతాయి, ఆక్సిజన్ లోపలికి దూరుతుంది. 660 దగ్గర మిగిలిన లోహం కరిగిన చిన్న గుంట డీఎస్సీ గీతలో కనపడుతుంది, ఆ తర్వాత ఇంకో నిదానమైన పెరుగుదల 1000 దాటేదాకా. మైక్రాన్ల పొడి వేస్తే 600 దగ్గర దాదాపు ఏమీ కదలదు, అసలు పెరుగుదలంతా చాలా పైన వస్తుంది. ఈ రెండు గీతలు పక్కపక్కన పెట్టి చూడు, సైజు అంటే ఏంటో పది పేపర్లు చదివినా రాని అవగాహన ఆ ఒక్క బొమ్మలో వస్తుంది.

తప్పులు చెప్తా విను. మొదటిది, డీఎస్సీతో వచ్చే మామూలు పాన్లు అల్యూమినియంవి, 600 దాటించకూడదు, 660కి పాన్ కరిగి సెన్సారుకి అతుక్కుంటుంది, ఆ సెన్సారు ఖరీదు తెలిస్తే మీ హెచ్‌ఓడీ నిన్ను ల్యాబ్ లోకి రానివ్వడు. ప్లాటినం క్రూసిబుల్ కూడా వద్దు, కరిగిన అల్యూమినియం ప్లాటినంతో కలిసి దాన్ని తినేస్తుంది. అల్యూమినా క్రూసిబుల్ వాడు. రెండోది, జడ వాతావరణం కావాలని నైట్రోజన్ పెడతారు, చాలా మెషీన్లకి అదే కనెక్ట్ అయి ఉంటుంది, కానీ వేడెక్కిన నానో అల్యూమినియం నైట్రోజన్ తో కూడా కలిసి నైట్రైడు అవుతుంది, బరువు పెరుగుతుంది, నైట్రోజన్ లో పెరిగిందేంటి సార్ లీకు ఉందా అని వారం రోజులు మెషీను విప్పుకుంటూ కూర్చుంటారు. ఆర్గాన్ పెట్టు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యం, నమూనా బరువు. రెండు మూడు మిల్లీగ్రాములు చాలు, నిమిషానికి 5 డిగ్రీలు చాలు. ఎక్కువ వేసి వేగంగా వేడిచేస్తే పొడి తన వేడితో తానే అంటుకుంటుంది, అప్పుడు నమూనా ఉష్ణోగ్రత ప్రోగ్రామ్ కన్నా ముందుకు దూకి మళ్లీ వెనక్కి వస్తుంది, గ్రాఫులో గీత వెనక్కి వంగి ముడి పడినట్టు ఉచ్చులా కనపడుతుంది. అది కనపడిందంటే నువ్వు కొలిచింది ఆక్సిడేషన్ వేగం కాదు, మంటని. ఆ డేటా మీద కిస్సింజర్ పద్ధతి అనే లెక్క వేసి యాక్టివేషన్ ఎనర్జీ, అంటే చర్య మొదలవడానికి కావాల్సిన శక్తి తీస్తే ఏదో ఒక అంకె వస్తుంది, దానికి అర్థం ఉండదు.

ఒక్క పద్ధతితో వచ్చిన అంకెని నమ్మకు. ఆర్గాన్ లో డీఎస్సీ చేసి కరిగేటప్పటి వేడి చూడు, మామూలు అల్యూమినియంకి గ్రాముకి 397 జౌళ్లు, నీకు 270 వస్తే 68 శాతం లోహం అని ఒక అంచనా. సైజు బాగా చిన్నదైతే కరిగే వేడి కూడా కొంచెం తగ్గుతుంది కాబట్టి ఇది కాస్త తక్కువే చూపిస్తుంది, అది గుర్తుపెట్టుకో. మూడో పద్ధతి క్షారంలో కరిగించి వచ్చిన హైడ్రోజన్ కొలవడం, పాతదే కానీ గట్టిది, దాన్ని మాత్రం మీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో అనుభవం ఉన్నవాళ్లతో చేయించు. మూడు అంకెలూ ఐదు శాతం తేడాలో వచ్చాయంటే నీ పని మీద నువ్వు నిలబడొచ్చు.

పొర ఎలా పగులుతుంది అన్న దాని మీద శాస్త్రవేత్తల్లోనే పెద్ద వాదన ఉంది, వైవాలో అడుగుతారు తెలుసుకో. నెమ్మదిగా వేడిచేస్తే పైన చెప్పినట్టు పొర మారుతూ, ఆక్సిజన్ లోపలికి, అల్యూమినియం బయటికి నెమ్మదిగా పాకుతూ జరుగుతుంది, డిఫ్యూజన్ అంటారు. చాలా వేగంగా వేడెక్కితే మాత్రం లోపలి లోహం కరిగేటప్పుడు 6 శాతం దాకా ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పెంకు పగిలి లోపలి కరిగిన లోహం చిన్న చిన్న తుంపర్లుగా చిమ్ముతుంది అని లెవిటాస్ బృందం 2006లో చెప్పింది. మైక్రాన్ల రేణువులు 2000 డిగ్రీల దగ్గర, అంటే అల్యూమినా పెంకే కరిగే వేడి దగ్గర గానీ సరిగ్గా అంటుకోకపోవడం, నానో రేణువులు వెయ్యి లోపే అంటుకోవడం, ఈ తేడా అందరూ ఒప్పుకుంటారు, ఎలా అన్న దగ్గరే గొడవ. నీ టీజీఏ నిమిషానికి 5 డిగ్రీలు, మంటలో వేడెక్కడం సెకనుకి లక్షల డిగ్రీలు, కాబట్టి టీజీఏ ఫలితాన్ని పట్టుకుని మంట గురించి తీర్పు చెప్పకు. థీసిస్ లో ఈ మాట నువ్వే ముందు రాస్తే ఎగ్జామినర్ కి నీ మీద గౌరవం పెరుగుతుంది.

ఇందాకటి ప్రశ్న, రాకెట్లలో నానో ఎందుకు లేదు. ఇప్పటిదాకా చెప్పిందంతా కలిపితే జవాబు వచ్చేస్తుంది, లోహం శాతం తక్కువ, తేమకి చెడిపోతుంది, ఖరీదు, ఇంకా ఉపరితలం ఎక్కువ కాబట్టి రబ్బరులో కలిపితే పిండి ముద్దలా గట్టిపడి పోత పోయడానికి జారదు. లాభం కూడా లేకపోలేదు, మైక్రాన్ల పొడి మండే చోట కరిగి ఒకదానికొకటి అంటుకుని పెద్ద బొట్లవుతాయి, అవి పూర్తిగా కాలవు, నానోలో ఆ బాధ తక్కువ. అందుకే పరిశోధన ఆగలేదు. 2009 ఆగస్టులో అమెరికాలో పర్డ్యూ, పెన్ స్టేట్ యూనివర్సిటీల వాళ్లు నానో అల్యూమినియం, నీటి మంచు మాత్రమే ఇంధనంగా చిన్న రాకెట్ ఒకటి 1300 అడుగుల ఎత్తుకి పంపారు. నీళ్లతో మండే లోహం అని విన్నప్పుడు నీకు సరదాగా ఉంటుంది, ల్యాబ్ లో మంట మీద నీళ్లు పోయకూడదు అనడానికి కారణం కూడా అదే అని గుర్తొస్తే మంచిది.

భద్రత గురించి నీ ప్రశ్నలో ఒక్క ముక్క లేదు, అందుకే నాకు భయమేసింది. బాల్ మిల్లులో అల్యూమినియం వేయకు. మిల్లులో రేణువులు నలిగి కొత్త ఉపరితలం బయటపడుతుంది, లోపల గాలి లేక దాని మీద పొర కట్టదు, జాడీ మూత తీయగానే గాలి తగిలి భగ్గుమంటుంది, తీసేవాడి ముఖం సరిగ్గా దాని మీదే ఉంటుంది. ఆక్సైడ్ తో కలిపి మిల్లులో వేయడం గురించి అయితే మాట్లాడను కూడా. మఫిల్ ఫర్నేసులో లోహపు పొడి పెట్టకు. మన ఒంటి మీద ఉండే స్థిర విద్యుత్తు, సింథటిక్ బట్టలు వేసుకుని కుర్చీలోంచి లేచినప్పుడు తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమనేది, పది మిల్లీజౌళ్లు దాటుతుంది. నానో థర్మైట్లు కొన్ని అందులో వెయ్యో వంతుకి కూడా అంటుకుంటాయి. నీ వేలి నుంచి వచ్చే, నీ కంటికి కనపడని మెరుపు చాలు. అందుకే కలపడం వద్దన్నది. ఉత్త పొడితో పనిచేసేటప్పుడు కూడా కాటన్ బట్టలు, చేతికి ఎర్తింగ్ పట్టీ, ప్లాస్టిక్ చెమ్చా బదులు లోహపుది, పని గ్లోవ్ బాక్సులో, అంటే బిగించిన పెట్టెకి ఉన్న గ్లోవ్స్ లో చేతులు పెట్టి, పొడి గాల్లోకి లేవకుండా. తుడిచిన టిష్యూ మామూలు చెత్తబుట్టలో వేయకు, మా దగ్గర ఒకసారి అలాంటి టిష్యూ బుట్టలో అరగంట తర్వాత పొగలు కక్కింది, మనుషులు ఉన్నారు కాబట్టి సరిపోయింది. మూతున్న లోహపు డబ్బా విడిగా పెట్టి సేఫ్టీ ఆఫీసరుకి అప్పజెప్పు. నిప్పంటుకుంటే నీళ్లు వద్దు, కార్బన్ డయాక్సైడు సిలిండర్ వద్దు, అల్యూమినియం దాంట్లో కూడా మండుతుంది పైగా ఆ ఊపుకి పొడి గాల్లోకి లేచి మంట పెరుగుతుంది. లోహపు మంటల కోసం చేసే క్లాస్ డీ పౌడర్, లేదా బాగా ఎండిన ఇసుక, అది కూడా విసరకుండా మెల్లగా కప్పాలి. ఆ ఇసుక బకెట్ నీ చేతికి అందేంత దూరంలో లేకపోతే ఆ రోజు డబ్బా తెరవకు.

నేను ఎక్కువ చేసి చెప్తున్నాననుకోకు. 2014 ఆగస్టు 2న చైనాలో కున్‌షాన్ లో కారు చక్రాలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పేరుకుపోయిన అల్యూమినియం ధూళి పేలి 146 మంది చనిపోయారు, అది నానో కూడా కాదు. యూనివర్సిటీల్లో అయితే 2010 జనవరిలో టెక్సస్ టెక్ లో జరిగిందాని మీద అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు రిపోర్టు ఉంది, అది తప్పకుండా చదువు. అది లోహపు పొడి కాదు, వేరే శక్తిమంతమైన పదార్థం, వంద మిల్లీగ్రాములు దాటొద్దని నోటిమాటగా చెప్పుకున్న హద్దు, ఒక పీజీ స్టూడెంటు మళ్లీ మళ్లీ చేయడం ఎందుకని ఒకేసారి పది గ్రాములు చేసి, ఉండలున్నాయని రోటిలో మెత్తగా నూరుతుంటే పేలింది, మూడు వేళ్లు పోయాయి.  హద్దు కాగితం మీద లేదు, చూసుకునే పెద్దవాళ్లు పక్కన లేరు, నువ్వు చెప్పిన పద్ధతిలో కూడా నాకు ఆ రెండే కనపడ్డాయి.

చట్టం సంగతి కూడా. లోహపు పొడి కొనడం ఒకటి, దాన్ని ఆక్సిడైజర్ తో, అంటే ఆక్సిజన్ ఇచ్చే పదార్థంతో కలిపి పేలుడు స్వభావం ఉన్న పదార్థం చేయడం పూర్తిగా వేరే. 1884 పేలుడు పదార్థాల చట్టం, 2008 రూల్సు, 1908 పేలుడు వస్తువుల చట్టం ఇవన్నీ వర్తిస్తాయి, అనుమతులు నాగపూర్ లో హెడ్డాఫీసు ఉన్న పెసో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చూస్తుంది, కాలేజీ ల్యాబ్ అని మినహాయింపు అనుకోకు. నీకు నిజంగా ఎనర్జెటిక్ మెటీరియల్స్, అంటే ఇలా శక్తిని ఒక్కసారిగా వదిలే పదార్థాల మీదే మనసుంటే అది చాలా మంచి రంగం, దాని దారి వేరే ఉంది. పుణేలో డీఆర్‌డీఓ వాళ్ల ల్యాబ్ హెచ్‌ఈఎంఆర్‌ఎల్ ఉంది, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డీఆర్‌డీఓతో కలిసి పెట్టిన పరిశోధన కేంద్రం ఉంది, ముందు దాన్ని ఏక్రెమ్ అనేవాళ్లు, ఐఐటీ మద్రాస్ లో సన్నటి తీగలోంచి ఒక్కసారిగా కరెంటు పంపి ఆవిరి చేసి నానో అల్యూమినియం తయారుచేసి దాని మీద పనిచేశారు, పొడుల తయారీ, కొలతల వైపైతే బాలాపూర్ లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఉంది. ఎం.టెక్ లో పొడిని కొలవడం చేతిలో పట్టు సాధించి, ఆ గ్రాఫులు చూపించి ఇలాంటి చోట పీహెచ్‌డీకి అడుగు, నిన్ను వద్దనేవాళ్లు తక్కువ.

మీ గైడు అల్యూమినియమే కావాలని పట్టుబట్టకపోతే ఇనుము గురించి కూడా ఆలోచించు. ఇనుప పొడిని బొగ్గు లాగా ఇంధనంగా కాల్చి, మిగిలిన తుప్పుని హైడ్రోజన్ తో మళ్లీ ఇనుముగా మార్చి వాడుకోవచ్చు అనే ఆలోచన మీద నెదర్లాండ్స్ లో ఐండ్‌హోవెన్ యూనివర్సిటీ వాళ్లు, కెనడాలో మెగిల్ వాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్నారు, 2020లో నెదర్లాండ్స్ లోనే ఒక బీరు ఫ్యాక్టరీలో ఆవిరి పుట్టించడానికి 100 కిలోవాట్ల ఇనుప ఇంధనం యూనిట్ పెట్టి నడిపి చూపించారు. నువ్వు నేర్చుకునే టీజీఏ, బీఈటీ, పొర మందం లెక్కలు అన్నీ అక్కడా అవే, మైక్రాన్ల ఇనుము నానో అల్యూమినియం కన్నా ఎంతో నిదానం మనిషి లాంటిది, అయినా అదీ లోహపు పొడే, పైన చెప్పిన జాగ్రత్తలు దానికీ వర్తిస్తాయి.

ప్రస్తుతానికి నువ్వు చేయాల్సింది, ఆర్డరు పెట్టకముందు ఆ కంపెనీకి మెయిల్ రాసి ఈ బ్యాచ్ తయారైన తేదీ, యాక్టివ్ అల్యూమినియం శాతం, ఏ పద్ధతితో కొలిచారు, పైన పొర ఆక్సైడా ఏదైనా సేంద్రియ పూతా, ప్యాకింగ్ లో ఏ వాయువు ఉంది, ఈ ఐదూ అడుగు, ఎస్‌డీఎస్, అంటే భద్రతా వివరాల కాగితం కూడా పంపమను. జవాబు ఇవ్వని కంపెనీ దగ్గర కొనకు. 10 గ్రాములు వద్దు, 5 గ్రాముల ప్యాక్ ఉంటే అది, నీకు ఏడాదికి ఒక గ్రాము కూడా ఖర్చు కాదు. మీ టీజీఏ మోడల్, దానికి ఆర్గాన్ లైను ఉందా లేదా, అల్యూమినా క్రూసిబుల్స్ ఎన్ని ఉన్నాయి, మీ డిపార్ట్‌మెంటులో గ్లోవ్ బాక్సు పనిచేస్తోందా, ఇవి కనుక్కుని చెప్పు. మొదటి రన్ నానోతో కాదు, 10 మైక్రాన్ల మామూలు పొడితో చెయ్, 2 మిల్లీగ్రాములు, గాలిలో, 5 డిగ్రీల వేగం, 1000 దాకా, దాని గ్రాఫు పంపితే బేస్‌లైన్ సరిగ్గా ఉందో లేదో నేను చూసి చెప్తా.